తిరుపతి నుంచి ఇల్సాన్‌కు: కొరియా శివారు నగరంలో ఆంగ్ల ఉపాధ్యాయుల జీవితం ఎలా ఉంటుంది?

మన ఆన్‌లైన్ వేదికలో ‘అలిపిరి మెట్లు’ అనే పేరుతో రాసే సభ్యురాలు అడిగిన ప్రశ్న, దానికి ఇతర సభ్యుల జవాబులు

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆంగ్లంలో ఎం.ఏ., ఆ తరవాత బి.ఎడ్. పూర్తిచేసి, పదకొండేళ్లుగా ఊళ్లోనే ఒక ప్రైవేటు పాఠశాలలో ఆంగ్లం చెబుతున్నాను. జీతం ఇప్పటికీ ఇరవై ఎనిమిది వేలు దాటలేదు. వేసవి సెలవుల నెలకు జీతమే రాని సంవత్సరాలు కూడా ఉన్నాయి.

రెండు వారాల కిందట చెన్నైలోని ఒక కన్సల్టెన్సీ వారు ఫోన్ చేశారు. దక్షిణ కొరియాలో సియోల్ పక్కనే ఇల్సాన్ అనే చోట పిల్లలకు ఆంగ్లం నేర్పే ప్రైవేటు శిక్షణ సంస్థలో ఖాళీ ఉందనీ, నెలకు 23 లక్షల వాన్‌లు ఇస్తారనీ, అంటే మన లెక్కన సుమారు లక్షా నలభై వేల రూపాయలనీ, ఉండటానికి గది కూడా సంస్థవారే చూపిస్తారనీ చెప్పారు. వారి రుసుము మూడున్నర లక్షలు. అందులో లక్ష ఈ నెలాఖరులోపు కట్టాలట.

మావారికి బైరాగిపట్టెడలో మందుల దుకాణం ఉంది. పాపకు ఆరేళ్లు. మావారు వెళ్లమనీ అనరు, వద్దనీ అనరు. మా అత్తగారు మాత్రం టీవీలో ఉత్తర కొరియా క్షిపణుల వార్త వచ్చిన ప్రతిసారీ పళ్లెం పక్కనపెట్టి నా ముఖం వైపు చూస్తున్నారు.

ఇంటర్నెట్‌లో దొరికే వీడియోలు దాదాపు అన్నీ అమెరికా, కెనడా నుంచి వెళ్లిన ఇరవై మూడేళ్ల పిల్లలు తీసినవి. ముప్పై ఆరేళ్ల వయసున్న, మాంసం ముట్టని, అలవాటుగా చీర కట్టుకునే ఉపాధ్యాయురాలు అక్కడ రోజు ఎలా గడుపుతుందో వాటిలో ఎక్కడా లేదు. ఊరు ఎలాంటిది, బడిలో తోటివారు ఎలా చూస్తారు, తిండి సంగతి ఏమిటి, పాపను తీసుకువెళ్లవచ్చా అన్నవి నా సందేహాలు. అక్కడ ఉండివచ్చినవారు దాపరికం లేకుండా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


కాణిపాకం కోడలు

అలిపిరి మెట్లు గారూ, పుట్టిల్లు చిత్తూరు, మెట్టినిల్లు కాణిపాకం పక్కన పల్లె. మీరు చెబుతున్న ఇల్సాన్‌లోనే ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండేళ్లు ఆంగ్ల సహాయ ఉపాధ్యాయురాలిగా పనిచేసి వచ్చాను. మీరు ఊరి గురించి అడిగినా నేను మొదట వీసా గురించే చెబుతాను, ఎందుకంటే ముందు ఆ లక్ష రూపాయలు మీ ఇంట్లోనే ఉండాలి.

కొరియాలో విదేశీ భాష నేర్పడానికి వచ్చేవారికి ఇచ్చేది ఇ-2 వీసా. ఆంగ్లం విషయంలో దాన్ని మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకు ఇస్తారు. మన అనుభవమూ మన ఉచ్చారణా ఎలా ఉన్నా మొదట చూసేది పాస్‌పోర్టునే. తిరుపతిలో కూర్చుని దరఖాస్తు పెట్టే మనలాంటివారికి కనిపించే దారి 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం. అందరూ సెపా అని పిలిచేది దాన్నే. ఆంగ్లంలో డిగ్రీ, దానితోపాటు ఉపాధ్యాయ అర్హత పత్రం ఉన్న భారతీయులు ఆ ఒప్పందం కింద పాఠశాలల్లో ఆంగ్ల సహాయ ఉపాధ్యాయులుగా చేరవచ్చు. పాఠశాలల్లో అన్న మాటను గమనించండి. మీ కన్సల్టెన్సీ వారు చెబుతున్నది హాగ్వాన్, అంటే బడి వదిలాక పిల్లలు వెళ్లే మన ట్యూషన్ సెంటర్ వంటి ప్రైవేటు సంస్థ. భారతీయ పాస్‌పోర్టు మీద హాగ్వాన్ ఉద్యోగానికి ఏ వీసా తెస్తారో వారిని కాగితం మీద రాసి ఇమ్మనండి. పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అన్న మాట వారి నోట వస్తే ఇంకేమీ అడగనక్కరలేదు.

ఈ సెపా దారి కూడా సన్నటిదే. నేనున్న రెండేళ్లలో అలా వచ్చిన మరొక భారతీయ ఉపాధ్యాయురాలు నాకు తారసపడలేదు. మా చుట్టుపక్కల బడుల్లోని విదేశీ ఉపాధ్యాయుల్లో అమెరికా వారు, దక్షిణాఫ్రికా వారు ఎక్కువ.

ఇక ఊరు. సియోల్‌లో ఇళ్ల కొరత తట్టుకోలేక కొరియా ప్రభుత్వం 1989లో రాజధాని చుట్టూ బుండాంగ్, ఇల్సాన్, ప్యోంగ్‌చోన్, సాన్‌బోన్, జుంగ్‌డాంగ్ అనే ఐదు కొత్త పట్టణాలు కట్టాలని నిర్ణయించింది. ఇల్సాన్ గోయాంగ్ నగరంలో భాగం. గోయాంగ్ జనాభా పది లక్షల పైమాట. పొలాలను చదునుచేసి గీత గీసినట్టు కట్టిన ఊరు కాబట్టి మన గాంధీరోడ్డులా వంకర తిరిగి, గుడి దగ్గర ఇరుకై, సంత దగ్గర విప్పారే వీధి ఒక్కటి కూడా కనిపించదు. ఒకే రంగు, ఒకే ఎత్తు అపార్టుమెంట్ల మీద ఇంతింత అంకెలు రాసి ఉంటాయి. మొదటి నెలలో రెండుసార్లు పక్క బ్లాకులోకి వెళ్లి, పరాయివారి తలుపుకు ఉన్న అంకెల తాళం మీద నా అంకెలు నొక్కాను. రెండోసారి లోపల్నుంచి ఒక ముసలావిడ తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని మా బ్లాకు దాకా దిగబెట్టి వెళ్లింది.

అలాంటి ఊరు మొదట చప్పగా ఉంటుంది, తరవాత అలవాటవుతుంది. మెట్రో మూడో లైను ఊరి మధ్యనుంచి పోతుంది. సియోల్ నడిబొడ్డుకు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. 1996లో తెరిచిన హోసు గోంగ్వాన్ అనే చెరువు పార్కు ఉంది. కట్టిన చెరువే అయినా, ఏప్రిల్ చివర పూల ప్రదర్శన జరిగేటప్పుడు చూస్తే ఊరివాళ్లంతా అక్కడే ఉన్నారనిపిస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని తెల్లవారుజామున నడిచే పెద్దలతో పాటు నేనూ నడిచేదాన్ని. రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా నడిచి గదికి రాగలగడం నా నలభై ఏళ్ల జీవితంలో అక్కడే మొదటిసారి. దానికి వెల కట్టమంటే నేను జీతం కన్నా పైనే కడతాను.

బడి ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. గుమ్మంలో చెప్పులు వదిలి లోపలి చెప్పులు వేసుకోవాలి. ఆంగ్లం మూడో తరగతి నుంచి మొదలు. తరగతి నలభై నిమిషాలు, వారానికి ఇరవై రెండు తరగతులు. గదిలో మనతోపాటు కొరియన్ ఉపాధ్యాయురాలు ఒకరు ఉంటారు, బాధ్యత ఆమెదే, మనం తోడు. పదకొండేళ్లు తరగతిని ఒంటిచేత్తో నడిపినవారికి ఈ తోడుగా నిలబడటం మొదటి నెలల్లో కొంచెం నలతగా ఉంటుంది. సెలవుల్లో పిల్లలు రాకపోయినా, ఒప్పందంలో ఉన్న రోజులకు మనం బల్ల ముందు కూర్చోవలసిందే.

అయితే ఒక సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఈ పనిలో తెలుగువారికి అమెరికన్ల కన్నా ఒక మెట్టు పైన ఉండే వీలు ఉంది. కొరియన్ పిల్లవాడు ‘బస్’ అనడు, ‘బొసు’ అంటాడు. ఐస్‌క్రీమును ‘ఐసుఖురిమ్’ అంటాడు. మాట చివర కొన్ని హల్లులు వస్తే ఒక అచ్చు తగిలించకుండా వాళ్ల నాలుక ఊరుకోదు. నా తోటి అమెరికన్ ఉపాధ్యాయుడు దాన్ని బద్ధకం అనుకుని ఏడాది పొడవునా దిద్దుతూ విసిగిపోయాడు. నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు, ఎందుకంటే బస్సు, కారు, రోడ్డు, స్కూలు అని మనం చేసిన పనీ అదే. వాళ్లకు ‘ఫ’ లేదు, ‘ఖోపి’ అంటారు. మా నాయనమ్మ చచ్చేదాకా ‘కాపీ’ అనే అంది. వాక్యంలో క్రియ చివర పెట్టడం, పెద్దలతో మాట్లాడేటప్పుడు క్రియ చివర మన ‘అండి’లా ‘యో’ చేర్చడం కూడా మనకు తెలిసిన దారులే కాబట్టి, పిల్లవాడు ‘ఐ రైస్ ఈట్’ అన్నప్పుడు ఆ తప్పు ఎక్కడ పుట్టిందో మనకు తక్షణం తెలుస్తుంది. 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన హంగుల్ లిపి వారం పది రోజుల్లో చదవడం వస్తుంది. గుణింతం నేర్చినవారికి అక్షరాలను గుత్తిగా పేర్చడం కొత్త కాదు.

ఇంకొక వైపు కూడా చెప్పాలి. ఉద్యోగ దరఖాస్తులకు ఫొటో అడిగే దేశం అది, ఆ ఫొటో చూసే నిర్ణయించే చోట్లూ ఉన్నాయి. నేను చేరిన కొత్తలో ఒక తల్లి బడికి ఫోన్ చేసి, మా అబ్బాయికి భారతీయ యాస పడుతుందేమో అని అడిగిందట. మా సహ ఉపాధ్యాయురాలు ఆ సంగతి నాకు నాలుగు నెలల తరవాత, ఆ అబ్బాయి నాతో బాగా కలిసిపోయాక చెప్పింది. అన్నాళ్లు దాచినందుకు కోపం వచ్చింది, దాచినందుకే ఆమె మీద అభిమానమూ కలిగింది. పిల్లలకు అలాంటివేమీ లేవు. బొట్టు ఎందుకని ఒకరు, నొప్పిగా ఉందా అని మరొకరు అడిగేవారు. చీర నెలకు ఒకసారి కట్టేదాన్ని. జనవరిలో మైనస్ పదికి దిగే చలిలో అది కుదిరే పని కాదు.


సువాన్‌లో చిత్తూరు వాడు

అక్కా, కాణిపాకం కోడలు గారు చెప్పిన వీసా మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఐదేళ్లుగా సియోల్ దగ్గరి సువాన్‌లో పరిశోధక విద్యార్థిని, ఉపాధ్యాయుణ్ని కాదు. కానీ మా భవనంలో పై అంతస్తూ కింది అంతస్తూ హాగ్వాన్ ఉపాధ్యాయులే కాబట్టి వాళ్ల కష్టసుఖాలు గోడల గుండా వింటూనే ఉన్నాను.

హాగ్వాన్ పని మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగుస్తుంది. ఈ గ్యోంగీ ప్రాంతంలో రాత్రి పదింటికి హాగ్వాన్‌లు మూయాలన్న నియమం ఉంది, అంటే పది దాకా పిల్లలు అక్కడే ఉంటారని అర్థం. వీసా యజమాని పేరుకు ముడిపడి ఉంటుంది. మధ్యలో మానేసి వేరేచోట చేరాలంటే పాత యజమాని సమ్మతి పత్రం కోసం తిరగాలి. ఏడాది పూర్తిచేసినవారికి ఒక నెల జీతం అదనంగా చెల్లించాలని చట్టం. మా కింది అంతస్తు కెనడా అబ్బాయిని సరిగ్గా పదకొండో నెలలో మాన్పించడానికి కారణం అదేనని అతని అనుమానం. 1350కి ఫోన్ చేస్తే కార్మిక శాఖవారు సలహా చెబుతారు, అతను చేశాడు, సొమ్ము వచ్చింది, కానీ ఆ రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు.

దీనికి తోడు పిల్లలే తగ్గిపోతున్నారు. ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2023లో 0.72, 2024లో 0.75. చిన్న పిల్లల మీద బతికే సంస్థ ఏది ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మా వీధిలోనే ఒక ఆంగ్ల కిండర్‌గార్టెన్ బోర్డు దించి వృద్ధుల సంరక్షణ కేంద్రం బోర్డు పెట్టారు. లోపలి గోడల మీద జిరాఫీ బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి.

కాణిపాకం అక్క ఊరిని కొంచెం ఎక్కువ మెచ్చుకున్నారేమో అని నా అభిప్రాయం. ఇక్కడ సౌకర్యానికి లోటు లేదు. 2024 డిసెంబరు చివర ఇల్సాన్ వైపు జీటీఎక్స్ వేగపు రైలు కూడా మొదలై, కింటెక్స్ స్టేషను నుంచి సియోల్ స్టేషనుకు ఇరవై నిమిషాల లోపే పడుతోంది. లోటల్లా మాటకే. శనివారం పొద్దున లేచి ఆదివారం రాత్రి పడుకునేదాకా, దుకాణంలో ‘సంచీ కావాలా’ అన్న ప్రశ్నకు జవాబు తప్ప నోరు విప్పని వారాలు నాకున్నాయి. విదేశీ ఉపాధ్యాయులు ఒక గుంపుగా ఉంటారు. వాళ్లు కలిసేది బార్లలో. నేను తాగను, మీరూ తాగరు. సియోల్‌లో మనవాళ్ల ఉగాది, సంక్రాంతి కలయికలకు వెళ్లవచ్చు, అది ఏడాదికి రెండు రోజులు.

తిండి మాట. కిమ్చీ కూరగాయల పచ్చడే కదా అని అందరూ అనుకుంటారు. చాలావాటిలో చేపల రసమో ఊరబెట్టిన రొయ్యలో ఉంటాయి. ‘గోగి ప్పే జుసెయో’, అంటే మాంసం తీసేసి ఇవ్వండి అని అడిగితే ముక్కలు తీసేస్తారు, పులుసు మాత్రం ఎండుచేపలతో కాచిందే. మాంసం లేని బిబింబాప్ (కూరగాయలు కలిపిన అన్నం), తోఫు (సోయా పనీరు), సముద్రపు నాచు ఆకులు, చిలగడదుంపలు, పళ్లు దొరుకుతాయి. పళ్లు ఖరీదు. మన సరుకులకు ఆన్సాన్ నగరంలో వొంగోక్-డాంగ్ వీధికి వెళ్లాలి. అక్కడ ఆసియా దేశాల కార్మికులు ఎక్కువ కాబట్టి కందిపప్పు, చింతపండు, సోనామసూరి బియ్యం అన్నీ ఉంటాయి. సువాన్ నుంచి నాకు నేరుగా రైలుంది, ఇల్సాన్ నుంచి మీకు సగం రోజు పని. కరివేపాకు దొరికిన రోజు పండుగ.

చెత్త గురించి ఒక్క మాట. 1995 నుంచి ఇక్కడ మామూలు చెత్తను నగరపాలక సంస్థ అమ్మే సంచుల్లోనే వేయాలి. తిండి వ్యర్థాలు వేరు. కొన్ని అపార్టుమెంట్లలో వాటిని తూచి డబ్బు వేసే డబ్బాలు ఉంటాయి. మొదటి నెలలో నేను మామిడి టెంక ఎందులో వేయాలో తెలియక రెండు రోజులు ఫ్రిజ్‌లో దాచాను. టెంక తిండి వ్యర్థం కింద రాదు, మామూలు చెత్తలోకే పోతుంది. మామిడి సీమవాడికి ఆ పాఠం ఇక్కడ అబ్బింది.


శ్రీసిటీ దుబాసీ

నేను శ్రీసిటీలో ఒక కొరియన్ కంపెనీలో దుబాసీగా పనిచేస్తున్నాను. పైవారిద్దరూ అక్కడి మాట చెప్పారు కాబట్టి నేను ఇక్కడి మాట చెబుతాను. వేదిక నిర్వాహకులు ఇది విషయాంతరం అనుకోకుంటే సంతోషం.

కొరియన్లు మన దగ్గరికే వస్తున్నారు. శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ కార్ల తయారీ 1998లో, పెనుకొండలో కియా 2019లో మొదలయ్యాయి. మన జిల్లాలోని శ్రీసిటీలో 2025 మే నెలలో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. వీటితోపాటు విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు వెంట వస్తాయి. వాళ్ల మేనేజర్లకు మన ఆంగ్లం అర్థం కాదు, మన ఇంజనీర్లకు వాళ్ల ఆంగ్లం అర్థం కాదు. నా జీతం ఆ రెండింటి మధ్య ఖాళీలోంచి వస్తోంది. అలిపిరి మెట్లు గారి వంటి అనుభవమున్న ఉపాధ్యాయురాలు కొరియన్ భాషలో మూడో స్థాయి దాకా చేరితే, తిరుపతి వదలకుండానే, ఇప్పటి జీతానికి రెట్టింపు సంపాదించగలరని నా నమ్మకం. టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో ఆరు స్థాయిలు ఉంటాయి. చెన్నైలోని ఇంకో సెంటర్‌లో కొరియన్ తరగతులు నడుస్తాయి. ఏ ఇంకో సెంటరు అని అడగకండి, దాని పేరే ఇంకో.

ఇంకా వెళ్లాలనే ఉంటే, భాష వచ్చాక వెళితే అక్కడ మీ విలువ వేరుగా ఉంటుంది. కాణిపాకం కోడలు గారి సహ ఉపాధ్యాయురాలు నాలుగు నెలలు దాచిన లాంటి మాట మీకు అదే రోజు వినబడుతుంది, అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను.


అలిపిరి మెట్లు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న కన్సల్టెన్సీ వారికి ఫోన్ చేసి వీసా వర్గం ఏమిటో ఈ-మెయిల్‌లో రాసి పంపమన్నాను. ముందు సందర్శక వీసా మీద వెళ్లి, సంస్థవారు చూశాక మార్పిస్తారని, ఇలాంటివి ఈ-మెయిల్‌లో రాయరని, మీకు నమ్మకం లేకపోతే మీ స్థానానికి ఇంకొకరు సిద్ధంగా ఉన్నారని చెప్పారు. ఆ ఇంకొకరికి శుభాకాంక్షలు చెప్పి ఫోన్ పెట్టేశాను. మావారు ఆ రాత్రి మొదటిసారి ఈ విషయం మీద పూర్తి వాక్యం మాట్లాడారు: ‘లక్ష మిగిలింది, పాపకు సైకిలు కొందాం’ అన్నారు.

అయినా కాణిపాకం కోడలు గారు చెప్పిన పాఠశాల దారి మనసులోంచి పోవడం లేదు. బస్సు, రోడ్డు గురించి మీరు రాసింది చదివి మా ఏడో తరగతి పిల్లలకు చెబితే వాళ్లు గంటసేపు నవ్వారు. ఆ దారిన ప్రయత్నిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి, పాపనూ మావారినీ వెంట తీసుకువెళ్లడం సాధ్యమా, ఉత్తర కొరియా విషయంలో మా అత్తగారికి ఏమి చెప్పాలి అన్నవి మాత్రం ఇంకా మిగిలాయి.


కాణిపాకం కోడలు

సైకిలు మంచి నిర్ణయం.

ప్రభుత్వ పాఠశాలలకు విదేశీ ఉపాధ్యాయులను తీసుకునే ఎపిక్ అనే కార్యక్రమం ఉంది; అక్కడి విద్యాశాఖ ఆధ్వర్యంలో 1995 నుంచి నడుస్తోంది. ఏడాదికి రెండు విడతలుగా, మార్చిలోను ఆగస్టు చివరలోను మొదలయ్యే అర్ధసంవత్సరాలకు ఎంపిక జరుగుతుంది. దరఖాస్తుకు వాళ్లు రుసుము తీసుకోరు. ముందుగా ఆ కార్యాలయానికి మీరే ఈ-మెయిల్ రాసి, రాబోయే విడతలో సెపా కింద భారతీయులకు అవకాశం ఉందా అని సూటిగా అడగండి. లేదంటే లేదని రాస్తారు, ఉందంటేనే కాగితాల పని మొదలుపెట్టండి. డిగ్రీకి, బి.ఎడ్.కు విదేశాంగ శాఖ నుంచి, పత్రాలు విదేశాల్లో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్ర కావాలి; అంతకుముందు రాష్ట్రస్థాయి ధ్రువీకరణ ఉంటుంది, నాకు అందులోనే రెండు నెలలు పోయాయి. పోలీసు ధ్రువపత్రానికి తిరుపతి పాస్‌పోర్టు సేవాకేంద్రం సరిపోతుంది. వీసా పని చెన్నైలో. అక్కడికి చేరాక తొంభై రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్డు తీసుకోవాలి. అది చేతికి వచ్చేదాకా ఫోను, బ్యాంకు, ఆన్‌లైన్ కొనుగోళ్లు అన్నీ కుంటుతూనే ఉంటాయి.

కుటుంబానికి ఎఫ్-3 అనే ఆశ్రిత వీసా వస్తుంది. అందులో మీవారు అనుమతి లేకుండా ఏ ఉద్యోగమూ చేయకూడదు, కాబట్టి దుకాణం మూసి వచ్చే మనిషికి అక్కడ పగలంతా ఏమి తోస్తుందో మీరిద్దరూ ముందే మాట్లాడుకోవాలి. పాప మార్చిలో ప్రభుత్వ బడిలో మొదటి తరగతిలో చేరవచ్చు. ఆరు నెలలు ఏడుస్తుంది, ఏడో నెలలో మీకు కొరియన్ దిద్దడం మొదలుపెడుతుంది. మా బడిలో ఒక మంగోలియా పిల్ల సరిగ్గా అలాగే చేసింది. బడివారు చూపించే గది మాత్రం ఒక్కరికే సరిపోయేది. నాది మంచం, పొయ్యి, బట్టలుతికే యంత్రం అన్నీ ఒకే గదిలో ఉన్న ఇల్లు, కింది నుంచి నేల వెచ్చబడే ఏర్పాటు ఒక్కటే దాని వైభవం. ముగ్గురికి సరిపోయే ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే లక్షల వాన్‌ల అద్దెకు తోడు కోటి వాన్‌ల దాకా బయానా అడుగుతారు, అంటే మన ఆరు లక్షల పైనే. 23 లక్షల వాన్‌ల జీతం ఒక్కరికి బాగా మిగులుతుంది, ముగ్గురికి గట్టిగా నడుస్తుంది.

మీ అత్తగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గోయాంగ్ దాటితే పాజు, పాజు దాటితే సరిహద్దు. అప్పుడప్పుడు పౌర రక్షణ సైరన్లు మోగుతాయి, జనం ఫోన్లు చూసుకుంటూ నడుస్తూనే ఉంటారు. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటించినప్పుడు మా పాత సహ ఉపాధ్యాయురాలికి నేను చిత్తూరు నుంచి ఆందోళనగా ఫోన్ చేశాను. కొన్ని గంటల్లోనే పార్లమెంటు దాన్ని ఎత్తివేయాలని తీర్మానించింది. మర్నాడు బడి ఉందా అని అడిగితే, ఉంది, మూడో తరగతికి పరీక్ష కూడా ఉంది అంది.

సామాను విషయం. అక్కడ కరెంటు 220 వోల్టులే, మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం గోడలో దూరదు, అడాప్టరు తెచ్చుకోండి. ఊరిబిండి పచ్చడికి మిక్సీ తప్పదు గాని రాత్రి తొమ్మిది దాటాక వేయకండి. అంతస్తుల మధ్య చప్పుడు అక్కడ పెద్ద తగాదా. నేనొకసారి పదిన్నరకు చెనిక్కాయలు రుబ్బితే కింది ఇంటాయన కాపలాదారును పంపించాడు. మర్నాడు ఒక గిన్నెలో ఊరిబిండి, ఒక క్షమాపణ చీటీ వాళ్ల తలుపు దగ్గర పెట్టాను. గిన్నె కడిగి, అందులో నాలుగు కమలాపళ్లు వేసి, ఇందులో రొయ్యలు ఉన్నాయా అని రాసి తిరిగి పంపారు.